తట్టు పోసిన టీచరమ్మ ఫ్రైబర్గ్ ప్రయాణం

మ్యూనిక్‌లో బయలుదేరే ముందు

ఇంగ్లిష్ వచ్చా అని జర్మనీలో నన్ను ఏ ఆఫీసూ అడగలేదు. తట్టు పోసిందా అని మాత్రం అడిగారు.

నవ్వకండి. ఈ దేశంలో చిన్నపిల్లల బడిలో అడుగు పెట్టి పనిచేయాలంటే తట్టు టీకా వేయించుకున్నట్టో, తట్టు వచ్చి తగ్గినట్టో రుజువు చూపాలి. కరోనా వచ్చిన ఏడాదే ఆ చట్టం కూడా అమల్లోకి వచ్చింది. నాకు చిన్నప్పుడు తట్టు పోసిన సంగతి మా నానమ్మకు తెలుసు, గుమ్మానికి కట్టిన వేపమండలకు తెలుసు. వీళ్లెవరూ జర్మన్‌లో సర్టిఫికెట్ రాసివ్వలేరు. చివరికి మ్యూనిక్‌లో మా డాక్టరు నా రక్తం తీసి పరీక్షకు పంపి, నా ఒంట్లో తట్టుకు రక్షణ ఉందని ఒక కాగితం ఇచ్చాడు. నా దగ్గరున్న సాక్ష్యాలన్నిట్లో తర్జుమా అక్కర్లేకుండా చెల్లింది నా రక్తం ఒక్కటే.

నేనెవరో చెప్పలేదు కదూ. నా పేరు స్వర్ణలత. కరీంనగర్‌లో ఒక ప్రైవేటు బడిలో ఎల్కేజీ టీచర్ని. అంటే, ఇక్కడికి రాకముందు. మా ఆయన శ్రీనివాస్ బ్లూ కార్డు అనే పని వీసా మీద మ్యూనిక్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి వచ్చాడు. ఆయన వెనకాల డిపెండెంట్ అనే బిరుదుతో నేనూ వచ్చాను. వచ్చిన కొద్ది నెలలకే లోకమంతా తలుపులు వేసుకుంది. నలభై మంది పిల్లల గోల మధ్య బతికినదాన్ని, రెండు గదుల ఇంట్లో ఆయన మీటింగులకు అడ్డం రాకుండా పిల్లిలా తిరగాల్సి వచ్చింది. కుక్కర్ విజిల్‌కి కూడా ఆయన కాలెండర్ చూసి ముహూర్తం పెట్టేదాన్ని.

అలా ఏడాదిన్నర గడిచాక కరీంనగర్ నుంచి మా బడి కరస్పాండెంట్ సారు ఫోన్ చేశారు. "బడులు మల్ల తెరుస్తున్నం మేడమ్. మీ సెక్షన్ మీకే ఉంచిన. వస్తరా, రారా?" నెలాఖరులోగా చెప్తానన్నాను. మా ఆయనకూ అదే చెప్పాను. జర్మనీ వాళ్లు నన్ను పిల్లల గదిలోకి రానిస్తే ఉంటాను, లేకపోతే ఇడ్లీ పాత్ర నీకు వదిలేసి వెళ్లిపోతాను అని. ఆయన ముందు నవ్వాడు, తర్వాత నవ్వడం మానేశాడు. నేనన్నది మాటవరసకు కాదని అప్పటికి ఆయనకు అర్థమైంది.

మ్యూనిక్‌లో అప్పటికే ప్రయత్నించిన చోటల్లా నా జర్మన్ చాలదన్నారు. అప్పుడు మౌనిక ఫోన్ చేసింది. మా చిన్నాన్న కూతురు. సాక్సనీ రాష్ట్రంలో ఫ్రైబర్గ్ అనే పాత గనుల ఊళ్లో లోహాలూ ప్లాస్టిక్కులూ చదివే ఎమ్మెస్ చేస్తోంది. "అక్కా, ఈడ ఒక కిటాల ఇంగ్లిష్ మాట్లాడెటోళ్లు కావాల్నంట. బేకరీ కాడ కాయితం అంటించిన్రు. జల్ది మెయిల్ కొట్టు." కిటా అంటే చిన్నపిల్లల బడి. మెయిల్ కొట్టాను. రెండు రోజులు వచ్చి పిల్లలతో గడపండి, ఆ తర్వాత మాట్లాడుకుందాం అని జవాబు వచ్చింది. దానికింద తేవాల్సిన కాగితాల చిట్టా ఉంది.

మొదటిది నా వీసా కార్డు. భార్యగా వచ్చినా పనిచేయవచ్చు అని దాని మీద ఒక వాక్యం ఉంటుంది, అది లేకపోతే అడుగు కదలదు. రెండోది తట్టు కాగితం. మూడోది పోలీసు సర్టిఫికెట్. మామూలు పనులకు మామూలుది చాలు, పిల్లల దగ్గర పనికి మాత్రం ఇంకాస్త లోతుగా వెతికి ఇచ్చేది కావాలి. మ్యూనిక్‌లో తిరిగిన రోజుల్లోనే దానికి అర్జీ పెట్టి వారాల తరబడి పోస్టు డబ్బా చూసుకున్నాను. తీరా వస్తే అందులో ఉన్నది ఒక్కటే ముక్క, ఈమె మీద ఏమీ లేదు అని. ఏమీ లేదని చెప్పడానికి అంత పచ్చని మందపు కాగితం వాడిన ప్రభుత్వాన్ని నేను మరొకటి చూడలేదు. నాలుగోది నా చదువు పట్టా. దాని కథ ముందుంది.

హోఫ్ వైపు రైలు

పులిహోర ఒక డబ్బా, మౌనిక కోసం కారప్పొడి రెండు డబ్బాలు, ముఖానికి గట్టి మాస్కు. ఇవీ నా సరంజామా. రైల్లో టికెట్టు తనిఖీ చేసేవాడు ముందు టీకా కోడ్ చూశాడు, తర్వాత పాస్‌పోర్ట్ చూశాడు, తృప్తిగా తలూపి ముందుకు వెళ్లిపోయాడు. టికెట్టు అడగడం మరిచిపోయాడు. కొన్న టికెట్టు చూపించకుండా ఎలా ఉండగలను? వెనక్కి పిలిచి మరీ చూపించాను.

నా ఎదుట సీట్లో ఒక పెద్దావిడ కూర్చుంది. సంచిలోంచి ఉడికించిన గుడ్డు తీసి, మాస్కు గడ్డం కిందికి లాగి కొరికి, మళ్లీ పైకి లాగి నమిలింది. గుడ్డు అయిపోయేదాకా ఆ మాస్కు లిఫ్టులా ఎక్కుతూ దిగుతూనే ఉంది. నేను ఎక్కడికి వెళ్తున్నానని అడిగింది. నాకొచ్చిన జర్మన్ కూడదీసుకుని చెప్పాను. ఆవిడ ముఖం వెలిగిపోయింది. తూర్పు జర్మనీ విడిగా ఉన్న రోజుల్లో ఆవిడదీ అదే పనట.

"మా కాలంలో పిల్లలందరినీ ఒకే వరసలో దొడ్డికి కూర్చునే గిన్నెల మీద కూర్చోబెట్టేవాళ్లం. అందరూ కానిచ్చాకే అందరూ లేవాలి" అంది. "మీ దగ్గర ఎంతమంది పిల్లలు?"

"నలభై."

"మీరెంతమంది?"

"నేనొక్కదాన్నే. ఒక ఆయమ్మ."

ఆవిడ నా చేయి పట్టుకుంది. కరోనా కాలమని గుర్తొచ్చి వదిలేసింది. "ఇప్పటివాళ్లు మనల్ని చూస్తే అరెస్టు చేస్తారు" అని గుడ్డు పెంకులు రుమాల్లో మూటకట్టింది. పులిహోర పెట్టబోతే ముందు వద్దంది, తర్వాత మూత మీద పెట్టించుకుని చింతపండు పులుపుకి కళ్లు గట్టిగా మూసుకుంది. ఇంకోసారి అడగలేదు గానీ పెట్టింది మాత్రం మిగల్చకుండా తింది. హోఫ్‌లో రైలు మారేటప్పుడు, ఎన్నాళ్లుగానో ఎరిగున్నదానిలా నాకు చేయూపింది.

ఫ్రైబర్గ్, పట్టాలో చీమ

ఫ్రైబర్గ్ కింద నేలంతా వెండి గనుల సొరంగాలేనట. ఇప్పుడు తవ్వకం లేదు గానీ పలకరింపు మిగిలింది. ఊళ్లో చాలామంది గుడ్ మార్నింగ్‌కి బదులు "గ్లుక్ ఔఫ్" అంటారు. గనిలోకి దిగినవాడు క్షేమంగా పైకి రావాలని దీవెన. కూరగాయల కొట్టువాడు కూడా నన్ను అలాగే దీవించి ఉల్లిగడ్డలు ఇచ్చాడు.

మర్నాడు పొద్దున మౌనిక నన్ను ప్రమాణం చేసిన అనువాదకురాలి దగ్గరికి తీసుకెళ్లింది. "టెర్మిన్ దొరుకుడే కష్టం అక్కా, నేను ఫోన్ల బతిమిలాడి తీసుకున్న" అంది. టెర్మిన్ అంటే అపాయింట్‌మెంట్. ఇక్కడ సర్టిఫికెట్లు ఎవరంటే వాళ్లు తర్జుమా చేయకూడదు. కోర్టులో ప్రమాణం చేసినవాళ్లే చేయాలి, కంటికి కనిపించింది కనిపించినట్టు రాయాలి. ఆమె కిటికీలు బార్లా తెరిచి, మమ్మల్ని చలిలో కూర్చోబెట్టి, నా డిగ్రీ పట్టా చేతిలోకి తీసుకుంది.

తీసుకుని గోటితో గీకింది. వెలుగుకు పట్టింది. వంచబోతే వంగలేదు.

అది లామినేషన్ చేసిన పట్టా. చదివేవాళ్లలో పట్టా పుచ్చుకున్న ప్రతివాళ్లకూ ఇక్కడ గుండె గుభేలుమని ఉంటుంది. మీ పట్టా కూడా అలాగే ఉందని నాకు తెలుసు. కాలేజీ నుంచి పట్టా చేతికి రాగానే మా నాన్న చేసిన మొదటి పని బస్టాండు పక్క జిరాక్సు షాపులో దాన్ని ప్లాస్టిక్‌లో సమాధి చేయించడం.

"ఎందుకిలా మూసేశారు?" అని అడిగింది ఆమె.

"పాడవకుండా."

"ఎవరు పాడుచేస్తారు?"

వాన, చెదలు, మా తమ్ముడు అని చెప్పాను. ఆమె నవ్వకుండా విని, ముద్ర అసలైనదో కాదో వేలితో తడిమి చూడటానికి లేదు కాబట్టి ఆ మాట అనువాదంలో రాయాల్సి వస్తుందంది. తర్వాత భూతద్దం తీసింది. ఎడమ పక్క అడుగున ఒక చుక్క దగ్గర చాలాసేపు ఆగింది. సాయంత్రానికి అనువాదం చేతికొచ్చింది. అన్నిటికీ కింద ఒక గమనిక ఉంది. మౌనిక చదివి నేలమీద కూర్చుండిపోయింది. "పత్రం ప్లాస్టిక్ పొరల మధ్య మూయబడి ఉంది. ముద్రను పరిశీలించడం సాధ్యం కాలేదు. ఎడమ అడుగుభాగాన పొరల మధ్య ఒక చిన్న పురుగు ఉంది, బహుశా చీమ."

అన్నేళ్లుగా ఆ పట్టా గోడమీద చూస్తున్నాను. ఆ చుక్క ఫుల్‌స్టాపనే అనుకున్నాను.

"అక్కా, రంది పడకు" అంది మౌనిక. "నేను చదివేదే ఇది. ప్లాస్టిక్‌కి వేడి తలిగితే మెత్తగైతది, మెల్లగ గుంజితే వస్తది." హెయిర్ డ్రయ్యర్ పెట్టింది. పొర నిజంగానే మెత్తబడింది, మూల లేచింది. నా తమ్ముడి కంటే ఈ పిల్ల నయమని ఎంతో మురిసిపోయాను. అంతలో ఫస్ట్ క్లాస్ అన్న అక్షరాల్లో ముందువి రెండు కాగితాన్ని వదిలి ప్లాస్టిక్‌తో పాటు లేచి వచ్చాయి.

"ఆపు!" అని అరిచాను.

"ఆపిన. ఇంకింత గుంజితే నువ్వు థర్డ్ క్లాసే అక్కా."

గోరుచుట్టు మీద రోకలిపోటంటే ఇదే. కొత్త పట్టా కోసం యూనివర్సిటీకి రాసుకోవాలి. అది రావాలి, జర్మనీ వాళ్లు చూడాలి, నా చదువు వాళ్ల చదువుకు సమానమా కాదా తేల్చాలి. ఎన్ని నెలలో ఎవరికీ తెలీదు. నెలాఖరు మాత్రం దగ్గరికొచ్చేస్తోంది.

కిటాలో మొదటి రోజు

బడి పెద్దావిడ పేరు ఊటె. పొట్టిగా కత్తిరించిన నెరిసిన జుట్టు, మోకాళ్ల దగ్గర మట్టి మరకలున్న ప్యాంటు. పిల్లలు ఆవిణ్ణి ఊటె అనే పిలుస్తారు. మిస్సు లేదు, మేడమ్ లేదు. నన్నూ చూడగానే "స్వర్ణా!" అని కేకేశారు. మూడేళ్లవాడు పేరు పెట్టి పిలిచేసరికి నాకు గుడ్ మార్నింగ్ మిస్ అనే ఆ సాగదీసిన పాట చెవుల్లో ఒక్కసారి మోగింది.

ఊటె ముందు నా కాగితాలు చూసింది. వీసా సరే. పోలీసుది సరే. తట్టు సరే. చీమ దగ్గరికొచ్చేసరికి మాస్కు వెనక దగ్గింది. అది దగ్గు కాదని నాకు తెలుసు.

"ఇంగ్లిష్ నీ మాతృభాషా?" అని అడిగింది.

"మాతృభాష తెలుగు. బ్యాంకువాళ్లతో పోట్లాడేది మాత్రం ఇంగ్లిష్‌లోనే" అన్నాను.

"కొంతమంది తల్లిదండ్రులకు ఇంగ్లిష్ దేశంలో పుట్టినవాళ్లే కావాలి. అది వాళ్ల ముచ్చట. చట్టానికి ఆ పట్టింపు లేదు" అంది. తర్వాత నియమాలు చెప్పింది. ఇక్కడ ఒక మనిషి ఒకే భాష మాట్లాడాలి. నేను పిల్లలతో ఇంగ్లిష్ తప్ప ఒక్క జర్మన్ ముక్క మాట్లాడకూడదు. అయితే పూర్తిస్థాయి టీచర్ కావాలంటే మంచి జర్మన్ వచ్చినట్టు పరీక్ష పాసై ఉండాలి. ఒక భాష బాగా నేర్చుకుని, ఆ భాషలో నోరెత్తనని ఒప్పుకోవాలన్నమాట. అదేమిటని అడిగితే, మంట లేచినా పిల్లాడు పడినా తల్లిదండ్రులతో, అంబులెన్సుతో ఇంగ్లిష్‌లో కుదరదు కదా అంది.

ఏ బి సి డిలు నేర్పొద్దంది. దిద్దించొద్దంది. అప్పజెప్పించుకోవద్దంది. మరి నేనేం చేయాలని అడిగాను. "పిల్లలతో ఉండు. మాట్లాడుతూ ఉండు" అంది. ఎల్కేజీలో నాలుగు లైన్ల కాపీ రాయించనిదే తల్లిదండ్రులు గేటు దగ్గర నిలదీసే ఊరు నాది. చేతులు కట్టేసినట్టయింది. కాసేపటికి వంటకు తెచ్చిన బంగాళాదుంపలు బుట్టలో వేస్తూ, తీస్తూ, దాస్తూ, వెతుకుతూ ఇంగ్లిష్‌లో గలగలా మాట్లాడటం మొదలుపెట్టాను. మాస్కులో నా నోరు కనిపించదు కాబట్టి కనుబొమ్మలతోనే నటించాను. సావిత్రి, కాథరీన్ అని ఏ పేరు పెడితే ఆ పేరుకు పలికే దుంపలు చూసి పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వారు.

ఒక్కడు మాత్రం దూరంగా నిలబడి చూశాడు. పేరు థేయో. ఐదేళ్లుంటాయి. నేను ఇంగ్లిష్‌లో ఏది చెప్పినా అర్థమవుతుంది, జవాబు మాత్రం జర్మన్‌లోనే ఇస్తాడు, అదీ ఊటెకు ఇస్తాడు.

మధ్యాహ్నం ఉడికించిన బంగాళాదుంపలు, గట్టి పెరుగులాంటి క్వార్క్, పైన అవిసె నూనె. థేయో కంచం ముట్టలేదు. నా చేతులు నన్ను అడక్కుండానే పనిలో దిగాయి. దుంప చిదిమి, క్వార్క్ కలిపి, ముద్ద చేసి, ఇది కాకి ముద్ద అని వాడి నోటి దగ్గర పెట్టాను. వాడు కళ్లు పెద్దవి చేసి నోరు తెరిచాడు. కరోనా కాలంలో, చట్టం అడుగడుగునా చేతులు కడిగించే బడిలో, పరాయి పిల్లాడికి చేత్తో ముద్ద! కాథరీన్ అనే ఇంకో టీచరు మెల్లగా నా మణికట్టు పట్టుకుంది. "వద్దు స్వర్ణా. వాడి ఆకలి వాడిది. తింటే తానే తింటాడు." నా బంగాళాదుంపకు ఆమె పేరే పెట్టానన్న సంగతి అప్పుడే తట్టింది. ముద్ద నా కంచంలో పెట్టుకుని నేనే తిన్నాను. థేయో తెరిచిన నోరు తెరిచినట్టే ఉంచి నన్ను చూశాడు.

తోటలోకి వెళ్లాక మాస్కు తీయొచ్చన్నారు. తీశాను. పిల్లలంతా ఆడటం ఆపేశారు. నా ముక్కుపుడక! అది లోపలిదాకా ఉందా? తుమ్మితే ఊడుతుందా? జలుబు చేస్తే ఎటునుంచి కారుతుంది? వరసలో నిలబడి ఒక్కొక్కరూ పరీక్షించి వెళ్లారు. తడిమి చూసుకోడానికి వీల్లేక వదిలేసిన ముద్ర కంటే దీనికే ఎక్కువ తనిఖీ జరిగింది.

సాయంత్రం ఊటె తన గదిలో కూర్చోబెట్టి ఉన్న సంగతి చెప్పింది. "నీ చదువును మా ప్రభుత్వం గుర్తించేదాకా నిన్ను అదనపు మనిషిగానే తీసుకోగలను. జీతం తక్కువ. ఏ పిల్లాడితోనూ నిన్ను ఒంటరిగా ఉంచకూడదు. పక్కన ఎప్పుడూ మా టీచరు ఒకరుండాలి."

నలభై మందిని ఒంటిచేత్తో సాకినదాన్ని. ఒక్కడితో కూడా ఒంటరిగా ఉండకూడదట. రేపు చెప్తానని లేచి వచ్చేశాను. మెట్ల మీద కళ్లు తడిశాయి, ఆ సంగతి దాచను.

కేకు కొట్టు

మౌనిక నన్ను ఓదార్చడానికి బజారు చౌకులోకి తీసుకెళ్లింది. ఇక్కడ ఐయర్‌షెకె అని గుడ్ల కేకు ప్రసిద్ధి. చుట్టుపక్కల ఊళ్లలో ఈ కేకులో క్వార్క్ వేస్తారు, ఈ ఊళ్లో వేయరు. ఎందుకంటే పూర్వం ఊరి గోడ కట్టేటప్పుడు సున్నంలో కలపడానికి ఊళ్లో ఉన్న క్వార్క్ అంతా పట్టుకుపోయారట. అది కథో నిజమో గానీ, రెండు యూరోల చిల్లర పెట్టి కొన్న ముక్క నోట్లో మెత్తగా కరిగిపోయింది. రూపాయల్లోకి మార్చబోతే మౌనిక నా ఫోన్ లాక్కుంది.

"తీస్కో అక్కా. అదనపు మనిషైతే ఏంది? లోపటికైతే పోతున్నవ్ కదా."

"కరీంనగర్ల నాకు సెక్షనే ఉన్నదే. నా పేరు మీద ఉన్నది. ఈడ కాపలా పెట్టుకొని పిల్లలతోని మాట్లాడాల్నా?"

"బావ ఏమంటున్నడు?"

"నీ ఇష్టం అంటున్నడు." అలా అన్నప్పుడు ఆయన గొంతు ఎలా ఉందో దానికి చెప్పలేదు. ఇల్లు ఖాళీ చేసి ఫ్రైబర్గ్ వచ్చేస్తే ఇంటినుంచే పనిచేసుకుంటానని, మ్యూనిక్ అద్దె కూడా తగ్గుతుందని ఆయన అప్పటికే లెక్కలు కట్టి ఉన్నాడు. నాకే మనసు ఊరి వైపు లాగుతోంది. ఆ రాత్రి నిద్రపోయేముందు మనసులో తేల్చేసుకున్నాను. రేపు మర్యాదగా వద్దని చెప్పి, కరస్పాండెంట్ సారుకు ఫోన్ చేయాలి.

రెండో రోజు, గాజు గోళీలు

వాన పడుతోంది. మా దగ్గర చినుకు పడితే బడికి సగం మంది రారు, తక్కినవాళ్లు సెలవిస్తారా అని ఎదురుచూస్తారు. ఇక్కడ పిల్లలందరికీ రబ్బరు ప్యాంట్లు తొడిగి బురదలోకి వదిలారు. బురదకు ఇంగ్లిష్, గుంటకు ఇంగ్లిష్, వానపాముకు ఇంగ్లిష్ చెబుతూ నేనూ దిగాను. నడుం దాకా తడిశాను. ఎంత హాయిగా ఉందో! ఇలా అరిచి నవ్వి ఏడాదిన్నరైంది. పోతూ పోతూ ఇదొక్కటైనా దక్కిందనుకున్నాను.

భోజనాల తర్వాత ఊటె అందర్నీ గుండ్రంగా కూర్చోబెట్టి, పిల్లలకు తలా ఒక గాజు గోళీ ఇచ్చింది. మధ్యలో రెండు గిన్నెలు పెట్టింది. ఒకదాని మీద నవ్వే ముఖం, ఇంకోదాని మీద మూతి ముడిచిన ముఖం. ఏదో ఆటనుకుని ముందుకు జరిగాను.

"స్వర్ణ మళ్లీ రావాలా, వద్దా?" అని అడిగింది ఊటె. పిల్లలకు సంబంధించిన సంగతుల్లో పిల్లల మాట వినాలన్నది అక్కడి నియమమట. వాళ్ల ఓటుతోనే ఉద్యోగం ఖాయం కాదు గానీ, వాళ్లనడగకుండా ఆవిడ ఏదీ ఖాయం చేయదట.

ఎల్కేజీ అడ్మిషన్లకు మూడేళ్ల పిల్లల్ని ఇంటర్వ్యూ చేసేది నేనే. ఆపిల్ రంగేమిటమ్మా, నీ పేరేమిటి నాన్నా అని అడుగుతుంటే, తల్లుల పెదాలు పిల్లలతో పాటు కదులుతుండేవి. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడని ఊరికే అన్నారా! రాత్రే వద్దనుకున్న ఉద్యోగం. అయినా గోళీలు ఏ గిన్నెలో పడతాయోనని ముందుకు వంగి చూశాను.

ఠంగుమని ఒకటి. మరొకటి. అన్నీ నవ్వే గిన్నెలోకే. ఒకమ్మాయి తన గోళీ వేసి, తీసి, ముద్దుపెట్టి, మళ్లీ వేసింది. చివరికి థేయో లేచాడు. మూతి ముడిచిన గిన్నెలో వేసి వెళ్లి కూర్చున్నాడు.

నిన్నటి ముద్ద కోసమే అనుకున్నాను. ఎక్కువ ఓట్లు వచ్చాయి కదా, అయిపోయిందనుకున్నాను. కాలేదు. ఒక్కడు వద్దంటే ఎందుకో వినాలట. ఊటె వాడి ఎదుట నేలమీద కూర్చుంది. వాడు జర్మన్‌లో మెల్లగా చెప్పాడు. ఆ పాటి జర్మన్ నాకు తెలుసు.

"ఈమె వెళ్లిపోతుంది."

ఊటె నా వైపు తిరిగి చెప్పింది. నాకు ముందు ఇక్కడ ఇంగ్లిష్ మాట్లాడింది ఒక ఐర్లండ్ అమ్మాయట. కరోనా మొదట్లో రెండు వారాల్లో వస్తానని చెప్పి ఇంటికెళ్లింది, మరి రాలేదు. అప్పటికి థేయో చాలా చిన్నవాడు. రోజూ కిటికీ దగ్గర నిలబడేవాడట. ఆ తర్వాత ఇంగ్లిష్‌లో ఒక్క మాట మాట్లాడలేదు.

పోలీసుల సర్టిఫికెట్‌లో నా మీద ఏమీ లేదని రాశారు. ఈ ఐదేళ్లవాడు మాత్రం నా మనసులో ఉన్నది ఉన్నట్టు చదివేశాడు.

"ఏం చేస్తే నువ్వు సరేనంటావు?" అని ఊటె అడిగింది. థేయో ఆలోచించాడు. లేచి ముందు గదిలోకి వెళ్లాడు. అక్కడ పిల్లలూ పెద్దలూ వీధి బూట్లు విప్పి ఇంటి చెప్పులు వేసుకుంటారు. ఒక్కొక్కరికీ ఒక కొక్కెం, దానికింద చెప్పుల గూడు. వాడు ఒక ఖాళీ గూడు దగ్గర నిలబడి నా పాదాలవైపు వేలు చూపించాడు. ముందురోజు ఊళ్లో కొనుక్కున్న నీలం ఉన్ని చెప్పులు వేసుకుని ఉన్నాను. వాడు నా ముఖంలోకి సూటిగా చూసి, మొదటిసారి ఇంగ్లిష్‌లో మాట్లాడాడు.

"షూస్ స్టే హియర్."

నేను జర్మనీలో ఒక పిల్లాడి నోటినుంచి రప్పించిన మొదటి వాక్యం అది. కాథరీన్ కిటికీ వైపు తిరిగింది. నేను వంగి చెప్పులు విప్పి, జత కలిపి, ఆ గూట్లో పెట్టాను. థేయో వాటిని కొంచెం లోపలికి తోసి, సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకుని, గదిలోకి వెళ్లి తన గోళీ తీసి అవతలి గిన్నెలో వేశాడు. నేను వట్టికాళ్లతో వెళ్లి అదనపు మనిషిగా సంతకం పెట్టాను.

మళ్లీ మ్యూనిక్

మా ఆయన స్టేషన్‌కి వచ్చాడు. ఇంటికి రాగానే బ్యాగు దింపి, నేను మాట్లాడేది వినబడేంత దూరంలో నిలబడి అన్నం గిన్నె కడుగుతున్నట్టు నటించాడు. నేను కరీంనగర్‌కి ఫోన్ చేశాను.

"మేడమ్, చెప్పుండ్రి. ఎప్పుడొస్తున్నరు?"

"రాను సార్. ఆ సెక్షన్ ఎవరికైనా ఇయ్యుండ్రి."

"అరె, ఏమైంది మేడమ్? ఆడ పెద్ద పోస్టు దొరికిందా?"

వంటింట్లో నీళ్ల చప్పుడు ఆగిపోయింది.

"లేదు సార్. పోస్టు చిన్నదే. నా చెప్పులు ఆడ ఒక పిలగాడు ఉంచుకున్నడు."